కొంచెం టఫ్

మా బావది తలుపు దగ్గర ఉద్యోగం. ఆ మాట వినగానే అందరూ వాచ్‌మన్ అనుకుంటారు. అక్క పెళ్ళైన కొత్తలో నేనూ అలాగే అనుకుని, "బావా, నువ్వు తలుపు తీస్తావా, మూస్తావా?" అని ఆటపట్టించేదాన్ని. "రెండూ చేస్తాను మరదలు పిల్లా. అంత చదువు చదివాను కాబట్టే కుర్చీ కూడా ఇచ్చారు" అనేవాడు. నాకు నోరెక్కువ, బావకు ఓపికెక్కువ. వాళ్ళింటి ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఇన్నేళ్ళుగా నేను తిష్ఠ వేయగలిగానంటే అందుకే.

ఆయన పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. చేపలు, మాంసం, బఠాణీలు, ఐస్‌క్రీం, అన్నీ అట్టపెట్టెల్లో గడ్డకట్టి కప్పుదాకా పేర్చి ఉంటాయి. ఆ పెద్ద గదిలోకి ఒక మనిషి వెళ్తే బయట తలుపు దగ్గర ఇంకో మనిషి ఉండి తీరాలి. లోపలివాడు కాసేపు పెట్టెలు సర్ది, ఫ్యాన్ల మీద పేరుకున్న మంచు కొట్టి బయటికొస్తాడు. బయటివాడు ఆ దళసరి కోటు తొడుక్కుని లోపలికెళ్తాడు. తలుపు పక్కన గోడకు లోపలా బయటా మాట్లాడే పెట్టెలు ఉన్నాయి. మీట నొక్కి "ఎలా ఉంది?" అంటే లోపలి మనిషి గొంతు గరగరమంటూ వస్తుంది. మధ్యమధ్యలో అలా పలకరిస్తూ ఉండటమే బయటివాడి పని. బావకు జతగా ఉండేది పొడుగాయన. ఆయన్ని అసలు పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. పై వరస పెట్టెలు నిచ్చెన లేకుండా అందుకునేది అక్కడ ఆయనొక్కడే.

ఆ స్టోరేజీలో ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. పాత మేనేజరు ఒకాయనకు "నావల్ల కాదు" అన్న మాట వింటే ఒళ్ళు మండిపోయేది. "కష్టంగా ఉంది సార్" అన్నా ఏడుపుగొట్టు మొహాలని తిట్టేవాడు. ఎవరు కనిపెట్టారోగానీ, "కొంచెం టఫ్ సార్" అంటే మాత్రం తలూపి ఊరుకునేవాడు. ఇంగ్లీషులో చెబితే కష్టం కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినట్టు ఉంటుంది కాబోలు. ఆ మేనేజరు వెళ్ళిపోయాడు, మాట మాత్రం మిగిలిపోయింది. పెట్టె లేవకపోతే కొంచెం టఫ్. టీలో చక్కెర తక్కువైతే కొంచెం టఫ్. భార్య మాట్లాడటం మానేస్తే ఇంట్లో కొంచెం టఫ్. ఒకతను కాలు విరిగి మంచంలో ఉండి, నడక కొంచెం టఫ్‌గా ఉందని కబురు పంపాడట. ఎవరు ఏ టఫ్ చెప్పుకున్నా అవతలివాళ్ళ జవాబు ఒకటే: "కానీ, కానీ." బావా, పొడుగాయనా ఈ రెండు ముక్కలతోనే రోజంతా వెళ్ళబుచ్చేవారు.

ఒక వేసవి మధ్యాహ్నం పొడుగాయన ఆ గదిలోనే పోయాడు. బావ తలుపు తీసేసరికి ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నాడట, చేతి తొడుగులు తీసి పక్కన పెట్టుకుని. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. చలి మరీ ముదిరితే మనిషికి వేడిగా ఉన్నట్టు అనిపిస్తుందనీ, అందుకే తొడుగులు తీసేసి ఉంటాడనీ చెప్పారు. లోపలినుంచి పిలిచాడా అని అడిగినవాళ్ళందరికీ బావ ఒకే మాట చెప్పాడు: ఏమీ అనలేదు. మేమూ నమ్మాం. నమ్మకపోవడానికి ఏముంది, మా బావ నోట అబద్ధం మేము ఎరగం.

బావ మారిపోయాడు. మొదట కొంతకాలం దిగులనుకున్నాం. తోడు పోతే ఎవరికైనా ఉంటుందిగా. కానీ దిగులు మనిషిని కూర్చోబెడుతుంది, ఈయన కూర్చోడు. ఇంట్లో ఎవరు ఏ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నా బయట నిలబడేవాడు. అక్క స్నానానికి వెళ్తే తలుపు తట్టి "బాగానే ఉన్నావా?" అనేవాడు. "నీళ్ళు పోసుకుంటున్నా, ఈదడం లేదు" అని లోపలినుంచి అరిచేది అక్క. మా అమ్మాయి, అంటే వాళ్ళ కూతురే, ఒకసారి పుస్తకం ముందు వేసుకుని "ఈ లెక్క టఫ్‌గా ఉంది నాన్నా" అంది. బావ తింటున్న కంచం ముందునుంచి లేచాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా దాని పక్కన చతికిలబడి "ఎంత టఫ్? తల తిరుగుతోందా? చేతులు తిమ్మిరెక్కాయా?" అని మొదలుపెట్టాడు. అది నావైపు తిరిగి, "పిన్నీ, నాన్నకేమైంది?" అంది. ఆ తర్వాత ఆ పిల్ల బావ ముందు ఆ మాట అనడమే మానేసింది.

ఇక ఫ్రిజ్ సంగతి. వంటింట్లో ఒక మూలన మా పాత ఫ్రిజ్ ఉంది. ఉండుండి 'టక్'మని ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ గరగరమంటూ మొదలవుతుంది. అది మొదలైనప్పుడల్లా బావ చేస్తున్న పని ఆపేసి చెవి ఒగ్గేవాడు. పట్టపగలు, ఎండ ఇల్లంతా పరుచుకుని ఉండగా, లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడేవాడు. ఏమీ తీసుకోడు, ఏమీ పెట్టడు. చల్లగాలి మొహానికి తగులుతుంటే అలా చూస్తూ ఉంటాడు. పాలు విరిగిపోతున్నాయని అక్క గోల. ఒకరోజు అక్క, అమ్మాయి బయటికి వెళ్ళారు. నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే బావ మళ్ళీ అక్కడే.

"ఏంటి బావా, లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నాను, అలవాటుగా.

ఆయన నావైపు తిరిగిన తీరు చూశాక నా నవ్వు నా మొహం మీదే చచ్చిపోయింది. "నీక్కూడా వినపడిందా?" అన్నాడు.

ఆ రోజు నేలమీద కూర్చుని అంతా చెప్పాడు. పొడుగాయన ఏమీ అనకపోవడం కాదు, మూడుసార్లు అన్నాడు. ఆ రోజు వాళ్ళతో ఉండాల్సిన మూడో మనిషి రాలేదు. మధ్యాహ్నానికి లారీ వస్తుంది, ఈలోగా సరుకు సర్దాలి. పొడుగాయన వంతు అయిపోయింది, లోపలికి వెళ్ళాల్సింది బావ. కానీ బావకు దగ్గుగా ఉందని, "నువ్వు బయటుండరా, నేనే కానిచ్చేస్తా" అని ఆయనే మళ్ళీ లోపలికెళ్ళాడు. బావ పలకరించాడు. "కొంచెం టఫ్‌గా ఉందిరా" అన్నాడు పొడుగాయన. "కానీ, కానీ" అన్నాడు బావ. కాసేపయ్యాక మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే జవాబు.

"మూడోసారి అన్నప్పుడు ఆ గొంతు వేరేగా ఉంది. నిద్రలో ఉన్నవాడిలా సాగదీశాడు" అన్నాడు బావ. "నాకు తేడా తెలిసింది. తెలియలేదని ఎవరితోనైనా అనగలనుగానీ నీతో అనలేను. తెలిసి కూడా కానీ కానీ అన్నాను. రోజూ అనేదేగా అని. లారీవాడు హారన్ కొడుతున్నాడు. అటువైపు తిరిగాను."

"మరి ఇప్పుడేం వినపడుతుంది?"

"ఆ మూడోదే" అన్నాడు. "అచ్చం ఆ గొంతే. మిగతా రెండూ ఎలా అన్నాడో గుర్తు లేదు."

నేను దెయ్యాలనూ భూతాలనూ నమ్మే మనిషిని కాదు, పీడకలొస్తే పక్కకు తిరిగి పడుకునే రకం. అయినా ఆ తర్వాత చాలా రోజులు ఆ ఫ్రిజ్ గరగర మొదలైతే మిషన్ తొక్కడం ఆపి వినేదాన్ని. నాకేమీ వినపడలేదు. వినపడుతుందేమోనన్న భయం మాత్రం పోలేదు.

అక్కకు నేనే చెప్పాను. అక్క నాకంటే గట్టి పిండం. అంతా విని, "ఈ మాట గడప దాటకూడదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది" అంది. ఆమె భయం ఏమిటో నాకు తెలుసు. పొడుగాయన భార్య ఉంది. బావను "అన్నయ్యా" అంటుంది, బావ "చెల్లెమ్మా" అంటాడు. బావకు తోబుట్టువులు లేరు. ఆ వరస కలిసింది కాబట్టే నాకు వదిన అయింది. ఆమెకు ఇస్త్రీ కొట్టు ఉంది. పొడుగాయన పోయినప్పటినుంచీ సెలవు వచ్చిందంటే చాలు, బావ అక్కడికి వెళ్ళి బట్టలు మడతపెట్టి వస్తాడు. ఆ వేడి గదిలో, బొగ్గుల సెగలో, చెమటలు కారుతూ కూర్చోవడం ఆయనకు ఇష్టం. ప్రపంచం మొత్తంలో ఆయనకు చలి వేయని చోటు అదొక్కటే అనుకుంటాను.

కానీ ఆయన లేచి వచ్చేసే ముందు వదిన ఒక్కటే అడుగుతుంది. "చివర్లో ఏమన్నా అన్నాడా అన్నయ్యా?" బావ తేలు కుట్టిన దొంగలా చెప్పులు వెతుక్కుంటూ "ఏమీ అనలేదమ్మా" అంటాడు. ఏళ్ళ తరబడి ఇదే ప్రశ్న, ఇదే జవాబు. చెబితే ఆ వేడి గది, ఆ అన్నయ్య అన్న పిలుపు రెండూ పోతాయి. అక్క చెప్పొద్దనేది అందుకే. నిజం చెప్పాలంటే నేనూ కొన్నాళ్ళు అక్క పక్షమే.

ఒక సెలవు రోజున వదిన జాకెట్లు కుట్టడం పూర్తయితే, ఇచ్చి వద్దామని నేనూ బావతో వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. వీధిలో పురుగు లేదు. వదిన పొడుగు బల్లమీద చొక్కా పరిచి నీళ్ళు చిలకరిస్తోంది. బావ ఓ మూల దుప్పట్లు మడతపెడుతున్నాడు. ఒక చొక్కాకు బొత్తాం ఊడిపోయి ఉంటే నేను సంచిలోంచి సూదీ దారం తీశాను. వదిన నా చేతినే చూస్తూ నిలబడిపోయింది.

"ఆ రోజు పొద్దున్నే బొత్తాం గురించే పోట్లాడుకున్నాం మేం" అంది. "ఊరందరి బట్టలకూ టైముంటుంది, నా చొక్కాకు బొత్తాం కుట్టే టైముండదా అన్నాడు. నాకూ ఒళ్ళు మండింది. పలకలేదు. అన్నం డబ్బా కూడా చేతికివ్వలేదు, బల్లమీద పెట్టేశాను. అలా మాటల్లేకుండానే పోయాడు."

బావ చేతిలో దుప్పటి అలాగే ఉంది. ఈ సంగతి ఆయనకూ కొత్తే.

"అందుకే అన్నయ్యా నిన్ను అన్నిసార్లు అడిగేది" అంది వదిన. "బయట నువ్వున్నావు, మీట నొక్కితే పలుకుతావు. అయినా నోరు విప్పకుండా కూర్చున్నాడంటే అలిగాడన్నమాట. తన మంచీచెడ్డా ఎవరికీ అక్కర్లేదనుకుని ఉంటాడు. చలికి కాదు, నామీద కోపంతోనే పోయాడు. ఎవరికీ చెప్పుకోలేను ఇది."

ఒక్కసారిగా నాకు మా బావమీద పట్టలేనంత కోపం వచ్చింది. ఆయన దాచుకున్నది ఆయన గుండెలోనే ఉందనుకున్నాం అక్కా నేనూ. అది ఇన్నేళ్ళూ ఈ మనిషి నెత్తిమీద ఉంది. నేను సూది బల్లకు గుచ్చి ఆయనవైపు చూశాను. నా చూపులో ఏముందోగానీ, నేను నోరు తెరవకముందే బావ మాట్లాడాడు.

"అలగలేదు చెల్లెమ్మా. నాతో అన్నాడు. మూడుసార్లు."

వదిన ఇస్త్రీ పెట్టెను ఇటుకమీద నిలబెట్టింది. "ఏమని?"

బావ నోరు తెరిచాడు. ఆ వచ్చిన గొంతు మా బావది కాదు. నేను దేనిమీదైనా ఒట్టు పెట్టి చెబుతాను. లావుగా, నిద్రమత్తులో సాగుతూ, పైనెక్కడినుంచో దిగినట్టు, "కొంచెం... టఫ్‌గా... ఉందిరా" అని వచ్చింది. అంత ఎండలో, అంత సెగలో నా చేతులమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వదిన బల్ల అంచు పట్టుకుంది.

"నువ్వేమన్నావు?" అంది.

"కానీ, కానీ అన్నాను."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ. మూడోసారి తేడా తెలిసే అన్నాను" అన్నాడు బావ. దగ్గు గురించి, లారీ గురించి ఆయన చెప్పలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

వదిన ఇస్త్రీ పెట్టె తీసుకుంది. ఆ చొక్కాను కాలరు దగ్గరనుంచి చేతుల చివరిదాకా, ఎక్కడా తొందరపడకుండా ఇస్త్రీ చేసింది. మడతపెట్టి పక్కన పెట్టింది. అప్పుడు అంది, "ఇక నువ్వు రావద్దన్నయ్యా."

ఇంటికొచ్చాక అక్క నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పచ్చగా ఉన్న బంధంలో నిప్పులు పోశామంది. విశేషమేమిటంటే ఆ రోజునుంచీ బావ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. అది ఆగినా, మొదలైనా తలెత్తడు. "వినపడటం లేదా?" అని నేనే ఒకరోజు అడిగాను. లేదన్నట్టు తలూపాడు. పీడ విరగడైందని నేను సంబరపడితే, ఆయన మొహంలో ఆ సంబరం లేదు. ఇల్లు ఖాళీ చేసి ఎవరో వెళ్ళిపోయినట్టు ఉందన్నాడు. సెలవు రోజుల్లో ఎక్కడికీ వెళ్ళకుండా అరుగుమీద దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు, ఎండాకాలంలో. వీధిలో పోయేవాళ్ళు జ్వరమా అని అడిగేవాళ్ళు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వదిన వచ్చింది. గొడుగు కూడా లేదు. నేను తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. ముందుగదిలో నా గిరాకీలు కూర్చునే బల్లమీద కూర్చుని, "అన్నయ్యను పిలు" అంది. ఇవాళ కడిగేయడానికి వచ్చిందనుకున్నాను. అక్క వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. బావ వచ్చి తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"నీమీద కోపం పోయిందని రాలేదు" అంది వదిన. "పోతుందో లేదో కూడా తెలీదు. అది వేరే సంగతి. నేను ఆయన గొంతు మర్చిపోయానన్నయ్యా. మొహం గుర్తుంది, చొక్కాలు గుర్తున్నాయి, గొంతు ఎప్పుడు పోయిందో తెలీకుండానే పోయింది. ఆ రోజు నువ్వన్నప్పుడు వచ్చింది. ఆయనే వచ్చి మాట్లాడినట్టు వచ్చింది. నిన్ను పొమ్మన్నాక మళ్ళీ ఎంత తలుచుకున్నా రాలేదు. ఆ మాట మళ్ళీ ఒకసారి అను."

బావ గోడకు ఆనుకున్నాడు. గొంతు సవరించుకుని అన్నాడు. "కొంచెం టఫ్‌గా ఉందిరా."

అది మా బావ గొంతే. నాకూ తెలిసిపోయింది.

"ఇది కాదు" అంది వదిన.

మళ్ళీ అన్నాడు. మళ్ళీ కాదంది. ఇన్నేళ్ళూ పొమ్మన్నా పోని గొంతు, ఈమె కావాలని అడిగేసరికి ఆయన దగ్గర లేదు. బావ కళ్ళు మూసుకుని, నుదురు గోడకు ఆనించి, కిందికీ పైకీ సాగదీస్తూ వెతుకుతున్నాడు. ఆయన చెంపలు తడిశాయి. అక్క నా భుజం తట్టి లోపలికి రమ్మంది. నేను వెళ్ళలేదు. వాళ్ళకు అడ్డం లేకుండా మిషన్ దగ్గర కూర్చుని, తలొంచుకుని, ఒక పాత చీర అంచు కుట్టడం మొదలుపెట్టాను. వాన పడుతూనే ఉంది. బావ అంటున్నాడు, వదిన కాదంటోంది. విసుక్కోవడం లేదు, చొక్కా మడత సరిగ్గా రానప్పుడు విప్పి మళ్ళీ వేసినట్టు, నెమ్మదిగా, "కాదన్నయ్యా. ఇది కూడా కాదు. మళ్ళీ అను" అంటోంది.

అలా చాలాసేపు గడిచాక ఒకసారి ఆమె కాదు అనలేదు. నేను మిషన్ ఆపాను. తలెత్తి చూడటానికి ధైర్యం చాల్లేదు.

"వింటున్నానయ్యా" అంది వదిన, చాలా మెల్లగా. "ఇక బయటికి వచ్చెయ్."